బొటనవేలు పైకెత్తితే

"ఎందుకు పైకి తెచ్చిండ్రు?" నీళ్ల మీదికి రాగానే నోట్లో గొట్టం తీసేసి అడిగింది రాజేశ్వరి.

"మీరే అడిగిండ్రు గద మేడం!" డైవింగ్ నేర్పే గంగాప్రసాద్ మాస్కు మెడ మీదికి లాక్కున్నాడు.

"నేనా? తాబేలు మంచిగుందని చూపిచ్చిన!"

ఆమె బొటనవేలు ఇంకా పైకే ఉంది.

"అగో, మళ్ల అదే! ఊళ్లె అట్ల చూపిస్తే మంచిగున్నదని. నీళ్లల్ల చూపిస్తే పైకి పోదామని. ఒకరు చూపిస్తే ఇద్దరం రావాలె. ఒక్కరిని కింద ఇడిశిపెట్టొద్దు."

పడవ నడిపే ఇర్షాద్ పగలబడి నవ్వాడు. ఆయనది హైదరాబాద్. "ఆఠ్ మహీనే ఆఫీసుల కూసొని అందరి పేర్లు రాసినవ్. గీ సైగలు రాలేదా బేటీ?"

నిజమే. అరబ్బు దేశంలో, సీబ్ తీరంలోని ఆ డైవింగ్ సెంటర్‌లో రాజేశ్వరి పని అదే. పొద్దున్నే దయ్మానియత్ దీవులకు పోయేవాళ్ల పేర్లు రాయడం, సాయంత్రం తిరిగొచ్చినవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టడం. తాను నీళ్లలోకి దిగడం ఇదే మొదలు.

తిరుగు ప్రయాణంలో గంగాప్రసాద్ మళ్లీ నేర్పించాడు. జగిత్యాల దగ్గర వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాడు, ఈ దేశంలోనే ఘాలాలో భవనాలు కట్టే పని వదిలి ఇక్కడ చేరాడు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుడితే, బాగున్నావా అని. జవాబు కూడా సున్నాయే. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే, బాగాలేదని. అప్పుడు ఎక్కడ బాగాలేదో వేలితో చూపించాలి.

మర్నాటి నుంచి పడవ కదిలే ముందు అతను ఆఫీసు కిటికీ వైపు సున్నా చుట్టేవాడు. ఆమె లోపలి నుంచి సున్నా చుట్టేది.

ఆమె రూమ్‌లో ఇంకో ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. మంచివాళ్లే, కానీ మాట కలవదు. నిర్మల్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేసినా "మంచిగున్ననే" అని పెట్టేసేది. బతుకమ్మ నాడు స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చి వచ్చిన పొద్దున కూడా, కిటికీలోంచి సున్నాయే చూపించింది.

ఒకరోజు ఇర్షాద్ పట్టుకున్నాడు. "నన్ను అన్నా అంటవ్, వ్యాన్ డ్రైవర్‌ను అన్నా అంటవ్. గంగాప్రసాద్‌ను ఏమంటవ్ బేటీ?"

"పేరుతోని పిలుస్త."

"ఝూట్! ‘ఇగో’ అంటవ్. మా పక్కింటామె వాళ్లాయన్ను గట్లనే పిలుస్తది."

రాజేశ్వరి రిజిస్టర్‌లో తల దూర్చింది. ఆ రోజు ఒకే పేరుకు రెండు టిక్కులు పడ్డాయి.

ఫిబ్రవరిలో గంగాప్రసాద్ ఆమె టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "రెండు గంటల దూరం, సోహార్ పోర్టు కాడ, ఓడల అడుగు సాఫ్ జేసే కంపెనీ పిలిచింది. మీరేమంటరు?"

వద్దు అనాలనుకుంది. ఏ హక్కుతో?

"మంచి కంపెనీ అంటున్నరు గద."

"అంతేనా?"

"అంతే."

అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

పోయే రోజు కంపెనీ బస్సు గేటు ముందు ఆగింది. ఏసీ బస్సు, తెరుచుకోని అద్దాలు. గంగాప్రసాద్ అద్దం వెనక కూర్చుని, అలవాటుగా సున్నా చుట్టాడు.

గేటు దగ్గరున్న రాజేశ్వరి చెయ్యి కూడా అలవాటుగానే లేచింది. వేలూ బొటనవేలూ దగ్గరదాకా వచ్చి ఆగిపోయాయి. మెల్లగా అరచెయ్యి తెరిచి అటూ ఇటూ ఊపింది.

అతను లేచి నిలబడ్డాడు. ఎక్కడ అన్నట్టు వేలు తిప్పాడు.

ఆమె బస్సును చూపించింది.

అతను దబదబా దిగి వచ్చాడు. "బస్సుకేమైంది?"

"పోతున్నది."

గంగాప్రసాద్ ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు.

"గీ మాట ఆనాడే అనకపోయినవా? ఇప్పుడు సంతకం పెట్టిన. చేరక తప్పదు."

"తెలుసు."

"శుక్రవారం సెలవు. వస్త. ఆ దినం మీ అమ్మకు ఫోన్ కలుపు, నేనే మాట్లాడుత."

డ్రైవర్ హారన్ కొట్టాడు. అతను రెండడుగులు వేశాడు.

"ఇగో!"

అతను వెనక్కి తిరిగి నవ్వాడు. "ఇర్షాద్ భాయ్ ఇంటడు!"

"ఇననియ్."

బస్సు కదిలింది. అద్దానికి ఆనించిన అతని బొటనవేలు పైకి నిలబడి ఉంది.

ఈసారి రాజేశ్వరి పొరబడలేదు. అది ఊళ్లో సైగ కాదు, నీళ్లలోది. తన బొటనవేలూ పైకెత్తి, బస్సు మలుపు తిరిగేదాకా దించలేదు.