బండలాగుడు పోటీలో హరిత డ్యూటీ

"పుర్ర్ర్!"

హరిత విజిల్ ఊదగానే, తాడు దాటబోయిన పిల్లలంతా టక్కున వెనక్కి జరిగారు. హరితకు పట్టరాని సంతోషం! తల మీద నీలం టోపీ, మెడలో విజిల్, చేతికి 'పోలీస్ వాలంటీర్' అని రాసిన పట్టీ. ఎనిమిదో తరగతిలో ఐదుగురినే ఎంపిక చేశారు మరి!

ఆలూరు దగ్గర ఆ పల్లెలో ఆరోజు సుంకులమ్మ జాతర. మధ్యాహ్నం బండలాగుడు పోటీ మొదలైంది. ఎద్దుల జత రాతిబండను లాగుతుంటే జనం ఒకటే కేకలు! తాడు లోపలికి ఎవరినీ రానివ్వకూడదు. అదే హరిత డ్యూటీ.

ఎర్రచొక్కా బుడ్డోడొకడు మాత్రం ఊరికే తాడు కింద దూరుతున్నాడు. నాలుగేళ్లుంటాయేమో. చేతిలో బొరుగుల పొట్లం. విజిల్‌కు అస్సలు బెదరడం లేదు. తమ్ముడు అన్నం తిననని మొరాయిస్తే ఇంట్లో అందరూ వాడే మందు ఒకటుంది. హరిత అదే వాడింది.

"రేయ్, అద్దో పోలీసోళ్లు! నిన్ను పట్టకపోయి జైల్లో ఏస్తారు!"

బుడ్డోడు కళ్లు పెద్దవి చేసి జనంలోకి పారిపోయాడు. మందు భలే పనిచేసిందనుకుంది హరిత.

కాసేపటికి కానిస్టేబుల్ నాగక్క పరుగున వచ్చింది. వెనకాలే ఒకామె ఏడుస్తూ వస్తోంది.

"పాపా, ఎర్రచొక్కా పిల్లోడు అగుపడినాడా? పేరు సుంకప్ప."

హరితకు తానన్న మాట గుర్తొచ్చింది. "ఇంతకుముందు ఈడనే ఉండె మేడం!"

చుట్టూ చూసింది. అదిగో, తాడు బయట నిలిపిన ట్రాక్టర్ కింద నక్కి ఉన్నాడు! నాగక్క అటు నడిచింది. ఖాకీ బట్టలు చూసి సుంకప్ప కెవ్వుమన్నాడు. తాడు కింద దూరి లోపలికి ఉరికాడు. ఎదురుగా ఎద్దులు వస్తున్నాయి!

"ఆగండి మేడం! మిమ్మల్ని చూసే పారిపోతాండాడు!"

హరిత గట్టిగా ఊపిరి పీల్చి విజిల్ ఊదింది. చేతులు ఊపింది. తోలేవాళ్లు ముక్కుతాళ్లు లాగి పట్టారు. ఎద్దులు ఆగాయి. హరిత టోపీ తీసేసి, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది.

"సుంకప్పా, దా నాయనా. నేను ఉత్తుత్తికే చెప్పినా. పోలీసక్క నిన్ను మీయమ్మ కాడికి పిలుచుకపోతాది."

"జైలుకు?"

"ల్యా, మీయమ్మ కాడికే."

"ఆ విజిల్ ఇస్తావా?"

"ఇస్తా!"

సుంకప్ప పరుగెత్తుకొచ్చి హరిత మెడను కరుచుకున్నాడు. హరితకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

విజిల్ వాడి మెడలో వేసి, తల్లికి అప్పగించాక హరిత తల దించుకుంది. "నేనే బెదిరిచ్చినా మేడం."

నాగక్క తిట్టలేదు. "మా యింట్లో గూడా అంతే పాపా. మా అత్త నా కొడుక్కు అట్లనే చెప్తాది. నేను ఈ బట్టల్తో ఇంటికి పోతే వాడు మంచం కింద దూరుకుంటాడు" అంది.

హరితకు ఆ మాట చాలాసేపు గుర్తొస్తూనే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ యశోద గిన్నె పట్టుకుని తమ్ముడు ధనుంజయ వెంట తిరుగుతోంది.

"తింటావా, పోలీసోళ్లను పిలుద్దునా?"

హరిత తన టోపీ తీసి తమ్ముడి తలకు పెట్టింది. అది వాడి ముక్కు దాకా దిగింది.

"పోలీసోళ్లు వచ్చేసినారులేమ్మా" అంది. "సార్, ఒక పిల్లోడు తప్పిపోయినాడు. మీరు ఎతకల్ల. తినకపోతే ఎట్ల ఉరుకుతారు?"

ధనుంజయ టోపీ పైకెత్తి, నోరు పెద్దగా తెరిచాడు.