గుండ్రటి మిషను వదిలేసిన చోటు

మా ఆయనకు కొత్త మిషన్లంటే పిచ్చి. నాకు శుభ్రమంటే పిచ్చి. ఈ రెండు పిచ్చులూ ఒకే వస్తువు దగ్గర కలుసుకోవడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

అది కిందటి వానాకాలం. రాజమండ్రి ఇన్నీసుపేటలో కొత్తగా అద్దెకు దిగాం. కింద మేము, పైన ఇంటివారు చంద్రరావు గారు ఒక్కరే. వీధి వైపు పొడుగాటి అరుగు, గడప దాటగానే పెద్ద హాలు, దాని వెనక పడగ్గది, ఆ పక్కన వంటిల్లు. అంత ఇంటికి అంత తక్కువ అద్దెంటే మా ఆయన గణేష్‌బాబు గారు మురిసి ముక్కలయ్యారు. ఆయన పేపరు మిల్లులో స్టోర్సు చూస్తారు. ఏ వస్తువైనా చవగ్గా వచ్చిందంటే ఎందుకు చవగ్గా వచ్చిందని అడిగే అలవాటు ఆయనకు లేదు.

మా పావనికి అప్పుడు ఐదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ దానికి ఆయాసం. గాలి మారితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ ఇంట్లోకొచ్చాక మరీ ఎక్కువైంది. డాక్టరు గారు చూసి, "చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి పిల్ల ఊపిరితిత్తుల్లోకే పోతుందమ్మా. దుమ్ము పీల్చే మిషను కొనుక్కోండి. ఈసారి గట్టిగా వస్తే తట్టుకోలేదు," అన్నారు. ఆ చివరి మాట నా గుండెల్లో రాయిలా పడింది. ఆ సాయంత్రమే చీపుర్ని పెరట్లో మూలకి విసిరేశాను.

మెయిన్ రోడ్డులో కొత్తగా పెట్టిన షాపు నుంచి వీరబాబు అనే అతను రెండు మిషన్లు పట్టుకొచ్చాడు. ఒకటి పొడుగాటి గొట్టంతో, చక్రాల మీద వెనకే ఈడ్చుకుంటూ తిరగాల్సిన రకం. రెండోది అట్లపెనమంత గుండ్రటిది. బ్యాటరీతో నడుస్తుంది, తనంతట తనే తిరుగుతుంది. అడుగున తడిగుడ్డ తగిలిస్తే ఊడ్చిన చోటల్లా తుడిచేస్తుంది కూడా.

"గోడ తగిలితే దానికెలా తెలుస్తుందయ్యా?" అని అడిగాను.

"ముందు బంపరుందండి మేడమ్ గారూ. ఏదన్నా తగిలితే వెనక్కొచ్చి పక్కకి తిరుగుతుందండి. తగల్లేదా, నేరుగా పోతుందండి. దానికి ఇంతకన్నా బుర్ర లేదండి," అని నవ్వాడు వీరబాబు. "రెండూ వారం వాడి చూడండి. నచ్చింది ఉంచుకోండి, రెండోది నేనొచ్చి పట్టుకెళ్తానండి."

నా ఓటు గొట్టం మిషనుకి. మనం తిప్పని పని పనేంటని నా అభిప్రాయం. మా ఆయన ఓటు గుండ్రటిదానికి. పావని ఓటూ దానికే. అదేదో కుక్కపిల్లయినట్టు దాని వెనకే గంతులేసింది, వెంటనే దగ్గు తెర వచ్చి కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా ఆయన హాల్లో గుండ్రటి మిషను వేశారు. సన్నగా రొద చేస్తూ బల్ల కాళ్ళు తప్పించుకుంటూ బుద్ధిగా తిరిగింది. గడప దగ్గరికి వెళ్ళేసరికి మాత్రం టక్ మని ఆగింది. వెనక్కొచ్చింది. పక్కకి తిరిగి మళ్ళీ వెళ్ళింది. టక్. అక్కడ ఏమీ లేదు. చెప్పులు కూడా లేవు.

మొత్తం తుడిచాక చూస్తే, తడి గచ్చు మీద గడపకి ఇవతల చాపంత మేర పొడిగా ఉండిపోయింది.

"బంపరు వదులైనట్టుంది," అన్నారు మా ఆయన, దాన్ని బోర్లించి చూస్తూ.

"దాని బంపరు కాదు, మీ బుర్ర వదులైంది. గొట్టం మిషనే తీసుకుందాం," అన్నాను.

ఆ మర్నాడు గడప దగ్గర పొడి మచ్చ లేదు. శుభ్రంగా తుడిచింది. కానీ ఈసారి హాలు మధ్యలో టక్ టక్ మని తిరగడం మొదలెట్టింది. కుర్చీలన్నీ గోడకి జరిపేశాను. అయినా అదే వరస. ఏదో పెద్ద వస్తువు చుట్టూ తిరుగుతున్నట్టు, అంచు వెంబడి తడుముకుంటూ, తడుముకుంటూ...

ఆగాక వెళ్ళి చూశాను.

పొడిగా ఉన్న చోటు చాపలా పలకగా లేదు. ఒక వైపు గుండ్రంగా, చిన్నగా ఉంది. దాని కింద వెడల్పు. ఆ తర్వాత సన్నబడుతూ పొడుగ్గా సాగింది. గుండ్రటి కొస దక్షిణానికుంది.

మన ఇళ్ళల్లో తల దక్షిణానికి పెట్టి నేల మీద ఎవర్ని పడుకోబెడతారో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వంగి, ఆ చోటు మీద గాల్లో చెయ్యి ఆడించాను. ఏమీ తగల్లేదు. తడిసిన దుప్పటి వాసన మాత్రం సన్నగా వచ్చింది. నా దుప్పట్లన్నీ బీరువాలో పొడిగా ఉన్నాయి.

పిరికిదాన్నని నన్నెవరూ అనలేదు, అననివ్వను కూడా. గొట్టం మిషను తెచ్చి ప్లగ్గు పెట్టి, దాని మూతి ఆ పొడి చోటులోకి తోశాను. మోటారు ఒక్కసారిగా మూలిగింది. చీర చెంగు దాని మూతిలో పడితే ఎలా పట్టేస్తుందో అలా పట్టేసింది. గొట్టం నా చేతిలో బిగుసుకుంది. లాగాను. రాలేదు. అవతల నుంచి కూడా ఎవరో లాక్కుంటున్నట్టు...

స్విచ్చి ఆపేశాను. గొట్టం వదులై వచ్చేసింది. మూతిలో ఏమీ లేదు.

పావనిని ఎత్తుకుని గబగబా మేడ మీదికి వెళ్ళాను. చంద్రరావు గారు పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. ద్రాక్షారామం దగ్గర పొలాలున్న ఆసామీ. ఎప్పుడూ ఎదుటివాళ్ళ మీద గొంతెత్తని మనిషి.

"బాబాయి గారూ, కింద వాటాలో ఎవరైనా పోయారాండీ?" అని అడిగేశాను.

"లోపలెవరూ పోలేదమ్మా," అన్నారాయన వెంటనే. అంత వెంటనే చెప్పినందుకే నాకు అనుమానం పెరిగింది. నేను కదలకుండా నిలబడేసరికి పేపరు మడిచారు.

"మా అమ్మ, మహాలక్ష్మమ్మ గారు. కిందటేడు కార్తీకంలో, తుపాను ముసురప్పుడు. ఉబ్బసం ఆవిడకి. ఇహ లేదనుకున్నాక పంతులు గారు పంచాంగం చూసి ధనిష్ఠా పంచకం నడుస్తోందన్నారు. ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలి కదమ్మా. పైనా కిందా మూసేసి మేమెక్కడికి పోతాం? అందుకని మంచంతో సహా ఎత్తి వీధి అరుగు మీద పెట్టాం."

"ఇంకా ఊపిరుండగానా?"

"పోయాక తీసుకెళ్తే ఏం లాభమమ్మా? అందరూ చేసేదే." ఆయన నా వైపు చూడలేదు. "పోవడానికి చాలాసేపు పట్టింది. జల్లు కొడుతోంది. దుప్పటి తడిసిపోయింది. లోపలికి తీసుకెళ్ళండర్రా, ఊపిరాడట్లేదు, అంటూనే ఉంది."

నాకు ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. అరుగు నుంచి గడప దగ్గరికి, గడప దగ్గర నుంచి హాల్లోకి. ఆ తర్వాతది మేము పిల్లని పడుకోబెట్టే గది. నాకా లెక్క ఒక్కటే తలలో తిరుగుతోంది.

ఆ సాయంత్రం మా ఆయన మిల్లు నుంచి రాగానే ఇల్లు మారిపోదామన్నాను. మొదట నవ్వారు. తర్వాత నా మొహం చూసి ఆపేశారు. "సరే, దానవాయిపేటలో వాటా ఉందన్నారు, రేపు చూసొస్తాను. ఒక్క రోజు ఓర్చుకో," అన్నారు. ఒక్క రోజే కదా అనుకున్నాను. ఆ రాత్రి పిల్లని మా ఇద్దరి మధ్యా వేసుకుని పడుకున్నాం.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఆకాశం నల్లగా దిగిపోయి, మధ్యాహ్నమే దీపాల వేళలా ఉంది. వాన మొదలైంది. కరెంటు పోయింది. పడగ్గదిలో చాప మీద బొమ్మలతో ఆడుకుంటున్న పావనికి అప్పుడే ఆయాసం అందుకుంది.

అలాంటి కూతలు అంతకు ముందెన్నడూ వినలేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి. మందు ఆవిరి పట్టే మిషను కరెంటు లేకపోతే పనిచెయ్యదు. మా ఆయన ఫోను కలవడం లేదు. "కన్నా, ఒక్క క్షణం, ఆటో పిలిచి వస్తాను," అని అరుగు మీదికి పరిగెత్తాను. వానలో ఒక ఆటో కనపడితే చేతులూపి కేకేశాను. అతను సందు చివర తిప్పుకుని వస్తానని సైగ చేశాడు.

వెనక్కి తిరిగేసరికి ఇంట్లోంచి సన్నటి రొద.

గుండ్రటి మిషను తిరుగుతోంది.

టక్...

టక్...

పడగ్గదిలోంచి.

గుమ్మం దగ్గర ఆగాను. మసక వెలుతురు. తడిసిన దుప్పటి వాసన గదంతా నిండిపోయి ఉంది. మిషను చాప అంచు వెంబడి గుద్దుకుంటూ, వెనక్కొస్తూ, మళ్ళీ గుద్దుకుంటోంది. చాపలో ముప్పాతిక భాగం ఖాళీ. పావని ఆ చివర, గోడకి అతుక్కుని, ఒత్తిగిలి పడుకుని ఉంది.

"మిషను ఎవరేశారు?" అన్నాను గుమ్మంలోంచే.

"నేనే..." ఊపిరి కోసం ఆగింది. "మామ్మ ఎక్కడుందో... చూద్దామని..."

"ఏ మామ్మ?"

"ఊపిరాడట్లేదంట అమ్మా. కాస్త జరగమంది... జరిగాను."

అప్పుడు విన్నాను. పిల్లికూతలు. ఒకటి పావని ఛాతీలోంచి. ఇంకొకటి... ఇంకా మోటుగా, ఇంకా పాతగా... చాప మీది ఖాళీలోంచి. ఒకటి ఆగితే ఇంకొకటి. ఇది తీసుకుంటుంటే అది వదులుతోంది. క్రమంగా రెండూ దగ్గరయ్యాయి. ఒకేసారి లేస్తున్నాయి. ఒకేసారి పడుతున్నాయి.

"మా పిల్లని వదిలెయ్యండమ్మా," అన్నాను. ఎవరితో అన్నానో నాకు తెలుసు. "మీకు దణ్ణం పెడతాను. ఇల్లంతా మీరే ఉండండి. మేం వెళ్ళిపోతాం. పసిది, దాన్ని వదిలెయ్యండి..."

కూతలు ఆగిపోయాయి.

రెండూ.

వాన చప్పుడొక్కటే. పావని కదలడం లేదు. గుద్దుకుంటూ ఉన్న మిషను ఈసారి చాప అంచు ఎక్కింది. దేనికీ తగల్లేదు. ఖాళీ చాప మీదుగా నేరుగా, మెల్లగా వెళ్ళి పావని పాదానికి తగిలి ఆగింది. టక్.

పిల్ల పొడుగ్గా ఒక ఊపిరి తీసుకుంది. కళ్ళు తెరిచింది.

"అమ్మా, ఆకలేస్తోంది," అంది.

ఎలా ఎత్తుకున్నానో, ఆటో ఎలా ఎక్కానో నాకు తెలీదు. ఆసుపత్రిలో డాక్టరు గారు వెనకా ముందూ స్టెతస్కోపు పెట్టి విన్నారు, ఎక్స్‌రే తీయించారు. "ఛాతీ శుభ్రంగా ఉందమ్మా. మీరు చెప్పినంత ఆయాసం వచ్చిన పిల్లలా లేదు," అన్నారు ఆశ్చర్యంగా. ఆయన గది బయట బెంచీ మీద కూలబడి భోరున ఏడ్చాను. ఆ మామ్మ గారు నా మొర ఆలకించింది, మనసున్న తల్లి, అనుకున్నాను.

మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. మా ఆయనే సామాను సర్దించి దానవాయిపేట వాటాకి తెచ్చారు. రెండో అంతస్తు, ఎటు చూసినా కిటికీలు. వీరబాబు మిషను కోసం వస్తే, గొట్టంది ఇచ్చేసి గుండ్రటిది ఉంచమన్నాను. మా ఆయన నోరు తెరిచారు.

"నువ్వు గొట్టందే అన్నావు కదా?"

"ఊడవడానికి కాదండీ. చూసుకోవడానికి," అన్నాను.

సామాను సర్దకుండానే దాన్ని వేశాను. ఊపిరి బిగబట్టి వెనకే నడిచాను. హాలు, వంటిల్లు, పడగ్గది, బాల్కనీ. గోడలకీ మంచం కోళ్ళకీ తప్ప ఎక్కడా తగల్లేదు. గచ్చంతా మూల నుంచి మూలకి తడిగా మెరిసింది. ఎక్కడా వేలెడు పొడి చోటు కూడా లేదు. అక్కడే గోడకి జారబడి నవ్వేశాను. రోజూ వేశాను. రోజూ అంతే.

పావనికి మళ్ళీ ఆయాసం రాలేదు. వానలో తడిసినా రాలేదు. ఐసు తిన్నా రాలేదు. తిండి పెరిగింది, బుగ్గలొచ్చాయి. మా అమ్మ నరసాపురం నుంచి వచ్చి దిష్టి తీసి వెళ్ళింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అది అన్నం తిని నిద్రపోయింది. కిటికీలోంచి ఎండ దాని మీద పడుతోంది. ఇన్నేళ్ళూ దాని నిద్రలో కూతలు వింటూ మేలుకున్నదాన్ని, ఆ నిశ్శబ్దం చూసి నాకు సంతోషం ఆగలేదు. పక్కన పడుకుని దాని ఛాతీ మీద చెవి ఆనించాను.

హాయిగా ఊపిరి తీసుకుంది. వదిలింది.

ఛాతీ దిగిపోయి నిలిచింది. కదలడం లేదు. నా చెంప కింద ఏమాత్రం కదలడం లేదు.

అయినా... లోపల ఎక్కడో, చాలా నెమ్మదిగా, ఎవరో ఇంకొక ఊపిరి తీసుకుంటున్నారు.