నైరుతి మూల స్తంభం

పాత కట్టడాలను విప్పి మరోచోట నిలబెట్టడంలో భానుశ్రీకి మంచి పేరుంది. ఆ పేరుతో పాటు కాస్త గీర కూడా ఉంది. విప్పకముందే ప్రతి రాయికీ రంగుతో గుర్తు వేయాలి, ఏ దిక్కు చూసిన రాయి ఆ దిక్కే చూడాలి, విరిగిన ముక్కయినా వెనక వదలకూడదు. తిరుపతిలో చదువుకునే చెల్లెలు నందినికి అన్నం తినేటప్పుడు కూడా ఈ పాఠం తప్పేది కాదు. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది భానుశ్రీయే. లోకంలో తనదని చెప్పుకోడానికి ఆమెకు ఇంకెవరూ లేరు.

బంగారుపాళ్యం దగ్గర హైవే వెడల్పు చేస్తూ, రాజుల నాడు బాటసారుల కోసం కట్టిన చిన్న రాతి మండపాన్ని పక్కనున్న మామిడితోట వెనక్కి జరపమన్నారు. సెలవులు కదా అని ఫొటోలు తీయడానికి నందిని కూడా వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల నుంచి పులిసిన మామిడి తొక్కల వాసన రోజంతా కొడుతుండేది. పని మాత్రం సాఫీగానే సాగింది.

నైరుతి మూల స్తంభం లేపిన రోజు దాని కింద గుంత బయటపడింది. అందులో ఎముకలు. మోకాళ్లు గడ్డానికి ముడుచుకుని కూర్చున్న ఆడమనిషి. కాళ్లకు కంచు కడియాలు. రెండు చేతులూ మట్టిలో పైకెత్తినట్టే బిగుసుకుపోయి ఉన్నాయి, మీద పడే రాతిని ఆపబోయినట్టు. మండపం నిలవాలని బతికుండగానే బలిగా గుంతలోకి దించేశారని చూసినవాళ్లందరికీ అర్థమైంది.

కాంట్రాక్టర్ ప్రతాప్ గొంతు తగ్గించాడు. అధికారులకు తెలిస్తే పని ఏడాది ఆగుతుందన్నాడు. భానుశ్రీ ఎంతోసేపు ఆలోచించలేదు. కంకర పోసి పూడ్చేయమంది.

"ముక్క గూడా ఇడిసిపెట్టకూడదని నువ్వే సెప్తావు గదక్కా," అంది నందిని, కళ్లనిండా నీళ్లతో. "ఈయమ్మను గూడా తీసకపోదాం."

"మన పని రాళ్లతోనే. నువ్వు గమ్మునుండు."

ఎముకల మీద కంకర, కంకర మీద తారు పడ్డాయి. వాటి మీద లారీలు తిరగసాగాయి.

తోట వెనక స్తంభాలన్నీ నిలిచాయి, నైరుతిది తప్ప. ఎన్నిసార్లు నిలబెట్టినా తెల్లారేసరికి కుంగి పక్కకు ఒరిగేది. పరువు పోతుందన్న మంటలో భానుశ్రీ, పాతచోట ఉన్నట్టే దాని కింద గుంత తవ్వమంది. ఉన్నది ఉన్నట్టు ఉంటే అదే నిలుస్తుందని ఆమె ధీమా. పొద్దు గూకే వేళకు గుంత తయారైంది. స్తంభాన్ని పక్కన పడుకోబెట్టి కూలీలు వెళ్లిపోయారు. నందిని గుంతను ఫొటోలు తీస్తూ ఉండిపోతే, భానుశ్రీ ప్రతాప్‌తో మాట్లాడడానికి తోట గేటు దాకా వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి... స్తంభం నిలబడి ఉంది.

నిటారుగా. గుంత మీద. క్రేన్ దాని చోటే ఉంది. ఇంజను చల్లగా ఉంది.

నందిని లేదు.

భానుశ్రీ కేకలకు ప్రతాప్ పరుగెత్తుకొచ్చి, తనే క్రేన్ ఎక్కి స్తంభం లేపాడు. గుంతలో ఎముకలున్నాయి. రోడ్డు కింద పూడ్చినవే. ఇప్పుడు చేతులు మోకాళ్ల మీద తీరిగ్గా ఆనుకుని ఉన్నాయి. కాళ్లకు కడియాలు లేవు.

భానుశ్రీ చెల్లెలికి ఫోన్ చేసింది. మోగింది... ఎత్తారు.

"అక్కా..." గుసగుస. "సీకటిగా ఉండాది. కాళ్లు సాపేదానికి గూడా తావు లేదు..."

"యాడుండావే?"

ఫోన్లో పెద్ద మోత. నెత్తి మీదుగా పోతున్నట్టు మోత. అదే క్షణాన తోట అవతల హైవే మీద లారీ దాటింది.

భానుశ్రీ పరుగెత్తింది. తారు మీద మోకాళ్ల మీద పడి గోళ్లు ఊడేలా గీకింది.

రోడ్డు తవ్వించారు. పోసిన కంకర పోసినట్టే ఉంది. దాని కింద ఖాళీ గుంత. పోలీసులు చూసి వెళ్లాక మళ్లీ పూడ్చి తారు వేశారు.

నైరుతి స్తంభం ఈనాటికీ వెంట్రుకవాసి కదల్లేదు. చక్కటి పని అని భానుశ్రీని మెచ్చుకుని శాలువా కూడా కప్పారు.

రోజూ ఆమె ఆ నంబరుకు ఫోన్ చేస్తుంది. ఛార్జింగ్ ఎప్పుడో అయిపోవాల్సిన ఫోన్... ఎత్తుతారు. మాట ఉండదు. లారీల మోత, దాని మధ్య అరచేతులతో పైకి కొడుతున్న చప్పుడు.

నిన్న ఆ చప్పుడు ఆగిపోయింది. కాళ్లు సర్దుకుని కూర్చుంటున్నట్టు, మెల్లగా, కడియాలు మాత్రం మోగాయి.