మిల్లులో వీలునామా చదివే గొంతు

తెనాలి నుంచి వేమూరు వెళ్ళే దారిలో, కాలువ మలుపు తిరగ్గానే, మూతపడ్డ రైసుమిల్లు ఒకటుంది. చీకటి పడితే అటు పోవద్దంటారు. వేరే ఊళ్ళ దెయ్యాలు ఏడుస్తాయి, గజ్జెలు కట్టుకుని తిరుగుతాయి. ఈ మిల్లులోది మాత్రం... స్థలం సరిహద్దులు చదువుతుంది.

"తూర్పు... కాలువ గట్టు. పడమర... పంచాయతీ రోడ్డు..."

పాలవాడు విన్నాడు. ఆఖరి బస్సు కండక్టరు విన్నాడు. ఆ గొంతు మిల్లు ఓనరు హనుమంతరావుగారిదేనని ఊరంతా తేల్చేసింది. ఆయన పోయి ఏడాదిన్నర. ఆయన రాసిన వీలునామా మీద పిల్లలిద్దరూ కోర్టుకెక్కారు. ఇక ఆత్మ కుదురుగా ఎక్కడుంటుంది?

ఆటో తోలే జాన్ సైదా నాతో ఏం చెప్పాడో అదే చెబుతున్నాను, వినండి.

హనుమంతరావుగారి కొడుకు మోహనకృష్ణకి వేమూరులో ఎరువుల కొట్టుంది. చెల్లెలు సాహితి బాపట్లలో టీచరు. చివరి రెండేళ్ళూ తండ్రిని దగ్గర పెట్టుకుని చూసింది ఆ పిల్లే. ఆయన పోయాక వీలునామా బయటికొచ్చింది. ఇల్లూ, కొట్టూ కొడుక్కి. మిల్లు కూతురికి.

"ఇది దొంగ కాగితం. రిజిస్టరు కూడా కాలేదు. మిల్లులో సగం నాదే" అని మోహనకృష్ణ తెనాలి కోర్టులో కేసు వేశాడు.

వీలునామాకి రిజిస్ట్రేషన్ లేకపోయినా చెల్లుతుందట. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, వాళ్ళలో ఒక్కరైనా కోర్టుకొచ్చి "నా కళ్ళముందే రాశారు" అని చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఊరి డాక్టరుగారు, ఆయన కాలం చేశారు. మిగిలింది మిల్లు నడిచే రోజుల్లో కాటా వేసిన ముసలి యోబు ఒక్కడే.

ఆ రాత్రి... తెల్లారితే యోబు సాక్ష్యం.

మోహనకృష్ణ తెనాలిలో లాయరు దగ్గర కూర్చుని, తొమ్మిది దాటాక సైదా ఆటో ఎక్కాడు. "ముసలాణ్ణి నాలుగు ప్రశ్నలతో తికమకపెడితే చాలు, కేసు మనదే" అన్నాడట లాయరు. ఆ ఉషారులో రెండు సోడాలు తాగాడు. అవి సరిగ్గా కాలువ మలుపు దగ్గరే పని చేశాయి.

"సైదా, ఒక్క నిమిషం ఆపు."

"ఇక్కడొద్దన్నా... ఇంకో కిలోమీటరు ఓర్చుకో."

"ఓర్చుకునేదైతే నిన్నెందుకు అడుగుతానూ?"

సైదా ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. మోహనకృష్ణ మిల్లు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కప్పలు అరుస్తున్నాయి... ఉన్నట్టుండి అవీ ఊరుకున్నాయి.

గోడ లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"హనుమంతరావు అనే నేను... పూర్తి తెలివితో... ఎవరి బలవంతమూ లేకుండా..."

ఖాళీ గోదాములో మాట మాటకీ ప్రతిధ్వని. మోహనకృష్ణకి మొదలుపెట్టిన పని మధ్యలోనే ఆగిపోయింది.

"సైదా... విన్నావా?" అన్నాడు గుసగుసగా.

"నేనేం వినలేదన్నా. నువ్వు కూడా వినకు. వచ్చెయ్."

కాళ్ళు కదిలితే కదా! లోపలి గొంతు నెమ్మదిగా సాగుతోంది...

"...ఈ మిల్లు సాహితికి. పెద్దాడు అరుస్తాడు... అరవనీ. చిన్నప్పుడు చెల్లెలి కంచంలో మీగడ వేసినా ఇలాగే అరిచేవాడు. అరిచి అరిచి... చివరికి తన కంచంలోది కూడా దానికే పెట్టేవాడు..."

మోహనకృష్ణకి ఒళ్ళంతా చెమట. మీగడ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. అమ్మ పోయింది, నాయనమ్మ పోయింది...

"నాన్నా!" అని గావుకేక పెట్టాడు. "నేను అరవట్లేదు నాన్నా!"

లోపల గొంతు టక్కున ఆగింది.

తర్వాత మిల్లులోంచి అంతకు రెట్టింపు కేక! ధడేల్‌మని తలుపు తెరుచుకుంది. తెల్లటి ఆకారం ఒకటి దూసుకొచ్చింది. మోహనకృష్ణ పంచె చేత్తో పట్టుకుని పరుగో పరుగు. ఆటోలో పడ్డాడు. "పోనీ సైదా, పోనీ!"

సైదా వెనక్కి చూడలేదు. కానీ వెనక సీటు రెండోసారి కుంగిందని మాత్రం తెలిసింది. ఎవరో ఎక్కారు... ఎవరని అడిగే ధైర్యం ఎవరికుంది? వేమూరు సెంటర్ దాకా ఒకటే తోలడం.

అక్కడ దీపం కింద ఆగి, వెనక్కి తిరిగి చూస్తే — మోహనకృష్ణా, ఇంకొకాయనా ఒకరినొకరు గట్టిగా కావిలించుకుని, కళ్ళు మూసుకుని వణుకుతున్నారు.

"యోబూ! నువ్వా?"

"మీరాండీ బాబూ! అయ్యగారి మిల్లు దగ్గర 'నాన్నా' అని వినబడితే... నా ప్రాణం పోయిందండి!"

"ఇంత రాత్రివేళ నీకక్కడేం పని?"

"రేపు సాక్ష్యం కదండి. ఏమడుగుతారో ఏమోనని మొత్తం బట్టీ పడుతున్నా. మూణ్ణెల్లయింది. ఇంట్లో చదివితే మనవలు నవ్వుతారు. అయ్యగారు సంతకం పెట్టిన చోటే నిలబడితే మాటలు గుర్తొస్తాయని..."

మోహనకృష్ణ యోబుని వదిలి, సర్దుకుని కూర్చున్నాడు. చివరికి నెమ్మదిగా అడిగాడు. "ఆ మీగడ మాట... ఎవరు చెప్పారు నీకు?"

"ఇంకెవరండీ, అయ్యగారే. సంతకం పెడుతూ అన్నారు. కాగితంలో లేదు కాబట్టి ఆ ముక్క వదిలెయ్యమన్నారు మీ చెల్లెమ్మగారి లాయరు. వదిలేస్తే తర్వాతది మర్చిపోతున్నానండి."

మోహనకృష్ణ కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నాడట సైదా. మొదట.

మర్నాడు కోర్టులో, యోబుని బోనులోకి పిలవగానే మోహనకృష్ణే లేచాడు. "అయ్యా, వీలునామా మా నాన్నదే. కేసు వెనక్కి తీసుకుంటున్నాను." తన లాయరు చొక్కా పట్టి లాగినా కూర్చోలేదు. సాహితేమో అన్న వైపు చూస్తూ ఉండిపోయింది.

"అయితే సాక్షి అక్కర్లేదు" అన్నారు జడ్జిగారు.

బోనులో నిలబడ్డ యోబు మొహం చిన్నబోయింది. "అక్కర్లేదాండీ? మూణ్ణెల్లు నేర్చుకున్నానయ్యా... ఒక్కసారి వినండి."

జడ్జిగారికి నవ్వొచ్చింది. "సరే, చెప్పండి."

యోబు చేతులు కట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కోర్టంతా చెవులు రిక్కించింది...

ఫ్యాను తిరుగుతోంది. యోబు పైకి చూశాడు. కిందికి చూశాడు. జడ్జిగారికేసి చూశాడు.

ఒక్క ముక్క గుర్తు రాలేదు!

అప్పుడు చూడాలండీ మోహనకృష్ణ లాయరు మొహం... దెయ్యాన్ని చూసినవాడు కూడా అలా పాలిపోడు.