గురునాథం గారి చెయ్యి

మా చిత్రిక మిషను బ్లేడ్లు మూడింటినీ నేను ఒక్క పూటలో తగలేసిన సంగతి మా నాన్న తర్వాత ఈ ప్రపంచంలో మొదట తెలిసింది కోటేశ్వరికే. మా పరిచయం అలా మొదలైంది.

అది 2002. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉన్నవాళ్ళనే ఇంటికి పంపుతున్న రోజులు. మెకానికల్ ఇంజనీరింగ్ పాసై, పైన జావా కూడా నేర్చుకుని, రెండూ పెట్టెలో సర్దుకుని గుంటూరు వచ్చేశాను. మా నాన్న బుల్లయ్యకి తలుపులూ కిటికీలూ చేసే షెడ్డుంది. చెక్కని నున్నగా చిత్రిక పట్టే కరెంటు మిషను ఒకటి అప్పుడే కొన్నాడు. దాని ఇరుసుకి మూడు బ్లేడ్లుంటాయి. వారానికోసారి వాటికి పదును పెట్టాలి.

"ఏరా చైతన్యా, అంత చదువు చదివావు, ఈ మాత్రం ఇంట్లో చెయ్యలేవా?" అన్నాడు నాన్న.

చెయ్యలేనని చెప్పడానికి నా డిగ్రీ ఒప్పుకోలేదు. గ్రైండరు మీద పెట్టి గట్టిగా నొక్కాను. నిప్పురవ్వలు బ్రహ్మాండంగా లేచాయి. మా అమ్మ పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించింది. తీరా మిషనుకి బిగించి నడిపితే చెక్క తెగలేదు, నలిగింది.

"నల్లపాడు వెళ్ళు. గురునాథం కాళ్ళు పట్టుకో" అన్నాడు నాన్న.

గురునాథం గారికి మా వ్యాపారంలో ఉన్న పేరు ఏ ఇంజనీరింగ్ కాలేజీకీ లేదు. ఇంటి దగ్గరే బ్లేడ్లు నూరిపెడతారు. సింగరాయకొండ నుంచి కూడా బ్లేడ్లు గోనెగుడ్డలో చుట్టి బస్సులో పంపేవాళ్ళు. 'గురునాథం చెయ్యి పడాలి' అని ముసలి వడ్రంగులు చెయ్యెత్తి దణ్ణం పెట్టేవాళ్ళు.

తలుపు తీసింది ఆయన కూతురు కోటేశ్వరి. పొట్లం విప్పి బ్లేడ్లు చూసింది. తర్వాత నన్ను చూసింది. మళ్ళీ బ్లేడ్లు చూసింది.

"వీటినేమన్నా పొయ్యిలో పెట్టారా?"

"గ్రైండర్ మీద పెట్టానండీ."

"అంచంతా వేడికి నీలం తిరిగిపోయింది. మధ్యమధ్యలో నీళ్ళలో ముంచలేదా?"

"హీట్ ట్రీట్‌మెంట్ మీద మాకొక సబ్జెక్టే ఉందండీ."

"పాసయ్యారా?"

"డిస్టింక్షన్."

"అయితే మీ తప్పు కాదులెండి. పేపరు దిద్దినవాళ్ళది" అని తలుపేసుకుంది. లోపలి నుంచి "ఎల్లుండి రండి" అని వినబడింది.

ఇంత మర్యాదగా నన్ను ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు. అక్కడే నిలబడిపోయాను. అంతలో వాన మొదలైంది. నల్లపాడు వాన ప్రేమకథల్లో వానలా చినుకు చినుకుగా రాదు, బిందెతో గుమ్మరించినట్టు వస్తుంది. తలదాచుకోడానికి ఇంటి పక్క సందులోంచి పెరటి వసారాలోకి పరిగెత్తాను.

అక్కడ గురునాథం గారు పడక్కుర్చీలో కూర్చుని పేపరుని ముక్కుకి ఆనించుకుని చదువుతున్నారు. ఆయన పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని కోటేశ్వరి బ్లేడు నూరుతోంది.

ఒక గాజుపలక. దానిమీద తడిపిన వాటర్ పేపరు, అంటే నీళ్ళతో రుద్దే గరుకు కాగితం. వాలుగా కోసిన చెక్కదిమ్మలో బ్లేడు బిగించి, రెండు చేతులతో ముందుకూ వెనక్కీ తోస్తూ, "ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు" అని లెక్కపెడుతోంది. జడ ముందుకి జారితే మోచేత్తో వెనక్కి తోసింది. లెక్క తప్పలేదు. నా గుండె తప్పింది.

నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డారు. ఆమె మాత్రం ముప్ఫై మూడు అంది.

"బాబూ, బయట చెప్పమాకు" అన్నారు గురునాథం గారు, గొంతు తగ్గించి. "నాలుగేళ్ళయింది కళ్ళు సరిగా ఆనక. ఆడపిల్ల పనిముట్టు పడితే పనెవడిస్తాడు? నా పేరుమీద నడుస్తోంది."

"నలభై" అంది కోటేశ్వరి. "నాన్నా, ఈయన చెప్పినా ఎవరూ నమ్మరులే. బ్లేడ్లు చూశావుగా."

అప్పుడు నాకు ఇంకో సంగతి అర్థమైంది. కోటేశ్వరికి పదకొండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయని మా షెడ్డులో చెప్పుకునేవాళ్ళు. ఒకడు మరీ పొడుగన్నారట గురునాథం గారు. ఒకడు కాఫీ చప్పుడు చేస్తూ తాగాడన్నారట. ఒంగోలు కుర్రాడి ఇంటి గుమ్మం ఈశాన్యం చూడట్లేదన్నారట. పెద్దాయనకి ఎంత పట్టింపో అనుకునేది ఊరు. పిల్ల వెళ్ళిపోతే బ్లేడ్లెవరు నూరతారన్నది ఆయన పట్టింపు. ఆమెకి ఇరవై నాలుగు నిండాయి. ఇలాగే ఇంకో నాలుగేళ్ళు గడిస్తే ఆయన పేరు నిలుస్తుంది, ఆమె ఈ వసారాలోనే ఉండిపోతుంది.

"నాకు నేర్పించండి గురువుగారూ" అన్నాను. "పని నేను అందుకుంటా. మీ పేరు అలాగే ఉంటుంది."

ఆయన ఆలోచించారు. నేను నోరు తెరిస్తే పోయే పరువు లెక్క వేసుకున్నారు కాబోలు. "సరే. కానీ నేర్పింది నేనని చెప్పాలి" అన్నారు.

అలా నేను గురునాథం గారి శిష్యుణ్ణయ్యాను. పాఠం చెప్పేది కోటేశ్వరి. చేతులు తెగేది నాకు. ఆయన కుర్చీలో కూర్చుని "ఊఁ, ఊఁ" అనేవారు.

"మూడు బ్లేడ్లూ ముగ్గురు అప్పచెల్లెళ్ళు" అనేది ఆమె. "ఒకదానికి గాటుపడినా ముగ్గురినీ సమానంగా అరగదియ్యాలి. ఒకదాని బరువు తగ్గిందంటే ఇరుసు ఊగుతుంది."

"యాంగిల్ థర్టీ డిగ్రీస్ కదండీ?"

"డిగ్రీలు మీరుంచుకోండి. ఆ దిమ్మ కదలకుండా పట్టుకోండి చాలు."

"మీ చేతులు చూస్తూ ఉంటే దిమ్మ ఎలా కదలకుండా ఉంటుందండీ?"

"నా చేతులు కాదు, అంచు చూడండి. ఇంకోసారి ఇటు చూస్తే నాన్నకి చెప్తా."

"ఆయనకి కనబడదుగా."

"చెవులు బాగానే వినబడతాయి" అన్నారు గురునాథం గారు.

రెండు నెలలు గడిచేసరికి పావు వంతు పని వచ్చింది, ముప్పావు వంతు ప్రేమ వచ్చింది. ప్రేమ సంగతి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఆమె పిన్ని కూతురి పెళ్ళికి ఒంగోలు వెళ్ళిన మూడు రోజుల్లోనే నేను నా చదువు ఉపయోగించాను.

యలమంద అని పేరేచర్లలో పెద్ద షెడ్డు ఆయన. అర్జెంటని బ్లేడ్లు పంపాడు. చూస్తే ఒక్కదానికే పెద్ద గాటుంది, మిగతా రెండూ బాగున్నాయి. బాగున్నవాటిని కూడా అరగదియ్యడమేమిటి, మెటీరియల్ వేస్టు కాదా అనుకున్నాను. గాటున్నదాన్ని మాత్రం గాటు పోయేదాకా నూరి, మిగతా రెండింటినీ కాస్త మెరిపించి పంపించాను. గురువుగారు తడిమి చూసి "ఊఁ" అన్నారు.

మూడోరోజు పొద్దున్నే యలమంద ట్రాలీ ఆటోలో ఒక టేకు తలుపు వేసుకుని వచ్చి వీధిలో దించాడు. వెనకాలే ఇంకో ఐదారుగురు షెడ్లవాళ్ళు. మా నాన్న కూడా ఉన్నాడు. మా వ్యాపారంలో ఎవరి తలుపు పాడైనా చూడటానికి అందరం వెళ్తాం.

"తలుపు చెయ్యమంటే పత్తిచేను దున్నినట్టుంది చూడండి!" అని అరిచాడు యలమంద. "మిషను ఊగి ఊగి షెడ్డే లేచిపోతుందనుకున్నా. రేపు గృహప్రవేశం, నేనేం చెప్పుకోను? నీ చెయ్యి పడిపోయింది గురునాథం. ఇక మానెయ్."

"పెద్దతనం వచ్చిందిరా యలమందా. వణికింది" అన్నారు గురునాథం గారు తలొంచుకుని.

నేను ముందుకొచ్చాను. "తప్పు ఆయనది కాదు, నాది" అన్నాను.

"వాడికేం తెలీదు. వాడు మిషను నూనె గుడ్డలు ఉతుకుతాడు" అన్నారాయన గట్టిగా. పేరు పోయినా ఫరవాలేదు గానీ గుట్టు పోకూడదని ఆయన పట్టుదల.

అప్పుడే ఆటో దిగింది కోటేశ్వరి. ఒంగోలు పెళ్ళి చీర, చేతిలో పలహారాల సంచి. తలుపు మీద అరచేత్తో ఒకసారి నిమిరింది. యలమంద చేతిలో బ్లేడ్లు తీసుకుని, మూడూ పక్కపక్కన నిలబెట్టి చూసింది. ఒకటి మిగతావాటికంటే గోరంత పొట్టిగా ఉంది.

"ఇది మా నాన్న పని కాదు. నాది కూడా కాదు. ఇంజనీరు గారి పని" అంది.

"నీదేంటమ్మా మధ్యలో?" అన్నాడు యలమంద.

కోటేశ్వరి పలహారాల సంచి నా చేతిలో పెట్టి, గాజుపలక తెచ్చి వీధి అరుగు మీదే పరిచింది. పట్టుచీర కొంగు నడుముకి దోపి కూర్చుంది. గంటన్నర పట్టింది. వీధిలో ఎవరూ కదల్లేదు. మూడు బ్లేడ్లూ ఒకే వెడల్పుకి వచ్చాక యలమంద తన ముంజేతి మీద ఒక బ్లేడు ఆనించి చూసుకున్నాడు. వెంట్రుకలు నూగులా రాలిపోయాయి.

అందరూ గురునాథం గారివైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"నాలుగేళ్ళుగా మీరు మెచ్చుకున్న చెయ్యి నాది కాదు" అన్నారు. "మా అమ్మాయిది. భయపడి దాచాను. దాని నాలుగేళ్ళు నేను తినేశాను."

ఆడపిల్ల పనిముట్టు పడితే పనెవడిస్తాడని ఆయన పడ్డ భయం సాయంత్రానికి తేలిపోయింది. పని ఇవ్వడం కాదు, కొడుకులనే ఇస్తామని వచ్చారు. యలమందకి అప్పటికప్పుడు పెళ్ళికాని తమ్ముడు గుర్తొచ్చాడు. నిన్నటిదాకా "మా ఇంజనీరుకి డాక్టరు సంబంధమే చూస్తాం" అన్న మా నాన్న అందరికంటే ముందు డజను అరటిపళ్ళతో వచ్చి కూర్చున్నాడు. నా కోసమని సంతోషించేలోపే ఆయన అసలు సంగతి చెప్పేశాడు.

"గురునాథం, నా షెడ్డుకి ఇక బయటి పదును అక్కర్లేదు. నీ పిల్లని మావాడికిచ్చెయ్."

సిగ్గుతో నా తల నేలకి దిగిపోయింది. కోటేశ్వరి గుమ్మంలోకి వచ్చింది.

"బాబాయిగారూ" అంది మా నాన్నని. ఆ వరసలో నేను ఆమెకి అన్నయ్యనవుతాను. నా ప్రాణం సగం పోయింది. "పదును కావాలంటే మీ బ్లేడ్లు పంపండి, అందరితోపాటు చేసిపెడతా. దానికి పెళ్ళెందుకండీ? పెళ్ళి కావాల్సింది మీ అబ్బాయికైతే, ఆయనకి నోరుందిగా."

అందరూ నావైపు చూశారు. యలమంద కూడా అరటిపండు ఒలవడం ఆపాడు.

"నాకు నువ్వంటే ఇష్టం" అన్నాను. "మొదటిరోజు తిట్టినప్పటినుంచీ. మా షెడ్డు కోసం కాదు. నీకు బ్లేడ్లు నూరడం రాకపోయినా ఇష్టపడేవాణ్ణి."

సినిమాలో అయితే ఇక్కడ చప్పట్లు పడేవి. కోటేశ్వరి మొహం చిట్లించింది.

"రాకపోయినా ఏంటి? వచ్చు కదా నాకు. మా నాన్న అది లేనట్టు దాచాడు. మీరు అది లేనట్టు ప్రేమిస్తారా?"

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బల్లమీద బ్లేడ్లవైపు చూశాను, నల్లగా మరకలుపడ్డ ఆమె వేళ్ళవైపు చూశాను. రెండు నెలలుగా నేను చూస్తున్నది ఆ వేళ్ళనే.

"తప్పయింది" అన్నాను. "నీ పనితో సహా ఇష్టం. నీ పేరుతో బోర్డు నేనే రాయించుకొస్తా."

ఆమె నా తెగిన వేళ్ళవైపు ఒకసారి చూసింది. తర్వాత మా నాన్నవైపు తిరిగింది.

"మామయ్యగారూ, మీకు కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలు?"