పురుటాసుపత్రికి గృహప్రవేశం

శ్రీదుర్గ అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఊక ఎగురుతోంది, నూకలు చేట అంచుకి చేరుతున్నాయి. ఆమె కళ్ళు మాత్రం రోడ్డుకి అవతల ఉన్నాయి.

అవతల ఉన్నది మునిసిపాలిటీ వారి పాత పురుటాసుపత్రి. బస్టాండు దగ్గర కొత్తది కట్టాక దీనికి తాళం పడింది. లోపల పావురాలు కాపురం చేస్తున్నాయి. మొన్నటి తుఫానుకి కాలవగట్టు మీద గుడిసెలు ఎగిరిపోయిన జనం దాని వసారాలో తడి బొంతలు కప్పుకుని ఉన్నారు. జల్లు కొట్టినప్పుడల్లా తల్లులు పిల్లల్ని గోడవైపు జరుపుకుంటున్నారు. ఆ గోడకి అవతలివన్నీ ఖాళీ గదులే.

రోజూలాగే గణేష్‌బాబు సైకిల్ దిగాడు. మునిసిపల్ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా. తాళం ఓసారి లాగి చూసి, గొడుగు విప్పుకున్నాడు.

శ్రీదుర్గకి ఒళ్ళు మండింది. చేట పక్కన పడేసి వానలోనే రోడ్డు దాటింది.

"ఏవండీ, తాళం క్షేమమేనా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "క్షేమమేనండి."

"మరి మనుషుల క్షేమం ఎవరు చూస్తారండి? అది వేరే డిపార్ట్‌మెంటా?"

వసారాలో ముసలి సంపూర్ణమ్మ కిసుక్కున నవ్వింది.

"మీరు తడుస్తున్నారు. గొడుగులోకి రండి," అన్నాడతను.

"తడిసేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. పావురాలకి గదులూ, పసిపిల్లలకి వసారానా? తాళంచెవి జేబులో పెట్టుకుని గొడుగు పట్టుకు తిరగడానికి సిగ్గుగా లేదూ?"

అతని ముఖం ఎర్రబడింది. "తీయనివ్వమని ఆఫీసులో మొత్తుకుంటూనే ఉన్నానండి. ఒక పెద్దమనిషి దీన్ని ధాన్యం గొడౌనుకి లీజుకి అడుగుతున్నారు. ఆయన మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు."

"ఎవరా మహానుభావుడు? చెప్పండి, ఇంటికెళ్ళి కడిగేస్తాను!"

గణేష్‌బాబు ఆమె ఇంటివైపు చూశాడు. తర్వాత చెప్పుల వైపు చూసుకున్నాడు.

"మీరు ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేదండి."

శ్రీదుర్గ గిర్రున తిరిగి తమ ఇంటి అరుగు వైపు చూసింది. వాన మాత్రం తన పాటికి తాను కురిసింది.

ఆ మధ్యాహ్నం తండ్రి పెద్దిరాజు విస్తరి ముందు కూర్చోగానే అడిగేసింది.

"నాన్నా, ఆ ఆసుపత్రి మనకెందుకు?"

"ఖాళీగా ఉందిగా. తేరగా ఇస్తే ఆ జనం పాతుకుపోతారమ్మాయ్. ఒకసారి దూరారంటే మళ్ళీ లేస్తారా?"

"మన బస్తాలు దూరితే మాత్రం లేస్తాయా?"

వడ్డిస్తున్న తల్లి మాణిక్యాంబ చేతిలో గరిటె ఆగింది. పెద్దిరాజు విస్తట్లోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు శ్రీదుర్గ వసారాలోని ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. లోపల్నుంచి గణేష్‌బాబు కూడా వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. "గుమాస్తావి, గుమాస్తాలా ఉండు!" అని మేనేజరు అరిచినా కదల్లేదు. చివరికి కమిషనరు దిగొచ్చాడు. మళ్ళీ గుడిసెలు వేసుకునేదాకా గదులు వాడుకోవచ్చన్నాడు. అయితే శుక్రవారం పొద్దుగూకేలోగా చేరకపోతే లీజు ఖాయమన్నాడు.

"మీరు తిట్టకపోతే నాకింత ధైర్యం వచ్చేది కాదండి," అన్నాడు గణేష్‌బాబు, మెట్లు దిగుతూ.

"అయితే రోజూ తిట్టమంటారా?"

"జీవితాంతం తిట్టినా సరేనండి."

అనేశాక తనే కంగారుపడి, సైకిల్ మర్చిపోయి నడిచి వెళ్ళిపోయాడు. శ్రీదుర్గ ఇంటిదాకా నవ్వు ఆపుకోలేకపోయింది.

శుక్రవారం తెల్లవారగానే అతను తలుపులు బార్లా తెరిచాడు. పావురాల రెట్టలు తనే గోకి, గదులన్నీ కడిగాడు. మధ్యాహ్నమైంది. ఒక్కరూ గడప దాటలేదు.

"రండమ్మా, ఇంకా ఏంటి ఆలస్యం?"

"పాలు పొంగించందే ఎలా వస్తామండీ?" అన్నాడు వసారాలో ఉంటున్న లాజరు. "ప్రార్థన మేం చేసుకుంటాం. పాలు మాత్రం పొంగాలి కదండీ."

"అయితే పొంగించండి!"

జనం ఒకరి వెనక ఒకరు జరిగారు. సంపూర్ణమ్మే నోరు విప్పింది. "పొద్దున పెద్దిరాజుగారు వచ్చారు బాబూ. బాలింతలు పోయిన కొంప, పాలు పొంగకుండా అడుగుపెడితే అరిష్టం అన్నారు. పొంగించిన జంటకి ఆయన చేలో కోతపని ఉండదన్నారు. నేనే పొంగిద్దును గానీ, ఒంటిదాన్ని."

"సరే, నేను పొంగిస్తాను!"

"తమరూ ఒంటివారే కదండీ," అన్నాడు లాజరు దిగులుగా. "జంట ఉండాలండి."

గణేష్‌బాబు చూపు రోడ్డు దాటి కిటికీలోంచి అంతా వింటున్న శ్రీదుర్గని తాకింది. అడగలేక కిందికి వాలిపోయింది. అతను మూడు ఇటుకలు పేర్చి, పుల్లలు పెట్టి, వెలిగించకుండా ఆ పక్కనే నిలబడ్డాడు.

ఇంట్లో పెద్దిరాజు పడక్కుర్చీలో కాళ్ళు చాపుకున్నాడు. "పొద్దు వాలుతోంది. ఇంకాసేపట్లో వాళ్ళే పోతారు."

శ్రీదుర్గ కళ్ళు ఎర్రబడ్డాయి. "అన్నం పెట్టే చెయ్యి మీదేనని వాళ్ళ నోళ్ళు నొక్కారు. అరిష్టం పేరు చెప్పి వానలో ఉంచారు. ఇది న్యాయమేనా నాన్నా?"

 వంటింట్లోంచి మాణిక్యాంబ కొత్త ఇత్తడి గిన్నెతో వచ్చింది. గిన్నె మెడకి పసుపు రాసి ఉంది. లోపల పచ్చిపాలు. తిన్నగా కూతురి చేతుల్లో పెట్టింది.

పెద్దిరాజు కుర్చీలోంచి లేచాడు. "ఏయ్, ఆ గిన్నెతో వెళ్ళి వాడి పక్కన నిలబడితే దానర్థం ఏంటో తెలుసా? ఊరంతా ఏమనుకుంటుందో తెలుసా?"

"తెలిసే ఇచ్చానండి," అంది మాణిక్యాంబ.

శ్రీదుర్గ తల్లి ముఖంలోకి చూసింది. తండ్రి ముఖంలోకీ చూసింది. పాలు తొణకకుండా గిన్నె రెండు చేతులా పట్టుకుని, గడప దాటింది.