నాలుగో కుర్చీ

వీధిలో నా ముద్దుపేరు బస్తా. దర్జీని. నా ఒక్క చొక్కా గుడ్డతో ఇద్దరు పిల్లలకు బట్టలు కుట్టొచ్చు. తిండి గురించి మా ఇంట్లో మాట్లాడే అర్హత ఎవరికైనా ఉంటే అది నాకే.

అలాంటి నన్ను వదిలేసి, అమ్మ రోజంతా చెల్లినే చూసేది.

చెల్లి తిండి మానేసి ఏడాది. నడుం కొలుద్దామంటే టేపు జారిపోయేది. మొదట్లో నేను "సోకు" అన్నాను. డాక్టరమ్మ నన్ను చూసిన చూపుకి నోరు కుట్టేసుకున్నాను.

"సోకూ కాదు, మొండితనమూ కాదు. జబ్బు. నయమవుతుంది. మందు మాత్రం మీ భోజనాల బల్ల దగ్గరే ఉంది," అంది ఆవిడ.

మూడు పూటలా అమ్మ పక్కన కూర్చుని తినిపించాలి. తిట్టకూడదు, బెదిరించకూడదు. వారానికోసారి నర్సు ఇంటికొచ్చి బరువు చూస్తుంది. అంకె కనబడకుండా చెల్లి వీపు తిప్పి నిలబడాలి. ఇంకొకటి. పిల్ల వేరు, జబ్బు వేరు అని గుర్తుండేలా, బల్ల దగ్గర ఒక కుర్చీ జబ్బుకి వదిలేయాలి.

"కోపమొస్తే ఆ కుర్చీని తిట్టండి. కానీ జాగ్రత్త. ఎవరి గొంతు నమ్ముతారో ఆ గొంతుతోనే మాట్లాడుతుంది అది."

మేం ముగ్గురం. కుర్చీలు నాలుగు. అమ్మ ప్రేమంతా చెల్లికి, కోపమంతా ఖాళీ కుర్చీకి. నాకు మిగిలింది వడ్డించుకునే గరిటె. ఓసారి కావాలనే మూడుసార్లు దగ్గాను. "నీళ్ళు తాగు," అంది అమ్మ, తల తిప్పకుండా.

కుర్చీని చూసి కుళ్ళుకున్న మగాడు లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఓ మధ్యాహ్నం ముసురు పట్టింది. గది మసకబారింది. తడి గోడల వాసన. చూరు నుంచి చుక్కలు... ఒకటి, ఆగి, ఇంకొకటి. తిట్లయినా నా వాటాకి వస్తాయని, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను.

వెచ్చగా ఉంది.

ఇప్పుడే ఎవరో లేచినట్టు.

"అక్కడ కూర్చున్నావేంట్రా? లే!" అంది అమ్మ. నా కళ్ళలోకి చూసి. ఏడాది తర్వాత!

"ఉండనీవే అమ్మా," అంది చెల్లి, నా వెనక ఎక్కడో చూస్తూ. "అన్నయ్య అక్కడుంటే... అది ఇటు రావట్లేదు."

ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేనూ ముద్ద ఎత్తాను. చెవి పక్కన గుసగుస... నా గొంతే.

"తినకు... చెల్లి తినకపోతేగా అమ్మ దాన్ని చూసింది."

ముద్ద దించేశాను.

ఇక అది నా కుర్చీ అయిపోయింది. చెల్లి రోజూ ఏడ్చింది, రోజూ తిన్నది. బుగ్గలు నిండాయి. నా పళ్ళెం నిండుగా వచ్చి నిండుగా వెళ్ళేది. ఎవరూ అడగలేదు. బస్తా చిక్కిపోతాడని ఎవరనుకుంటారు? ఎదురింటాయన "భేష్, తగ్గావ్!" అని భుజం తట్టాడు. ఆ తట్టుకే కళ్ళు తిరిగాయి. నా చొక్కాలు నేనే లోపలికి కుట్టుకున్నాను. రెండుసార్లు.

నిన్న నర్సు వచ్చింది. చెల్లి బరువు పెరిగింది. అమ్మా చెల్లీ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. నాలో భగ్గుమంది.

"నర్సమ్మా, నన్నూ చూడండి," అని చెల్లిలాగే వీపు తిప్పి మిషనెక్కాను. అంకె విని అమ్మ హడలిపోవాలి. అంతే నాకు కావలసింది.

నర్సు వంగి చూసింది.

"ఇంతా? అయ్యో... ఒక్కొక్కరే ఎక్కాలండీ. మీ వెనకున్న ఆవిణ్ణి దిగమనండి."

అమ్మా చెల్లీ నా ఎదురుగా ఉన్నారు.

అమ్మ మొహం పాలిపోయింది. రెప్ప వాల్చకుండా ఇటే చూస్తోంది. హమ్మయ్య, చూసింది, అనుకున్నాను...

నా మీద లేదు ఆ చూపు. నా భుజం మీదుగా. కొంచెం పైకి.